ఫ్రిజ్‌లో ఈల

మా ఇంట్లో ఫ్రిజ్ ఈల వేస్తోందని కనిపెట్టింది మా ఆయన. ఆరు నెలలైంది. నాకు ఒక్కనాడూ వినపడలేదు. తప్పు నా చెవులదని ఆయనే తేల్చారు.

కాదనడానికి నేనెవరిని. ముప్పై ఏళ్లు కరెంటు ప్లాంట్లలో టర్బైన్ల దగ్గర పనిచేసిన మనిషి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న మిషన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేవారు. మీటర్లు ఆ తర్వాత తీరిగ్గా ఒప్పుకునేవట. జీవానందం చెవి అంటే కృష్ణపట్నం వైపు ఇప్పటికీ చెప్పుకుంటారని ఆయనే అంటుంటారు. రిటైరయ్యాక ఆ చెవికి దొరికింది మా హాల్లో ఉన్న ఈ ఫ్రిజ్ ఒక్కటే.

మొదటి మెకానిక్ వచ్చి ఏమీ లేదన్నాడు. ఈయన వదలకపోతే రిలే మార్చిపోయాడు. రెండోవాడూ ఏమీ లేదనే అని, ఫ్యాన్ మార్చాడు. ఈల పోలేదు. పైగా కావలిలో మా తమ్ముడి ఇంటికి వెళితే వాళ్ల ఫ్రిజ్ కూడా ఈల వేసిందట. ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో నా వైపు వంగి, "ఇక్కడ ఏసీ గూడా అంతే" అన్నారు. ఈ కాలంలో ఏ వస్తువూ సరిగా చేయడం లేదని ఆయన బాధ. నేను ఆమెన్ అన్నాను.

ఇంతలో ఇక్కడి కరెంటు ప్లాంటులో మరమ్మతు పనులు తీసుకున్న కాంట్రాక్టరు నరేంద్రబాబు మా ఇంటికి వచ్చాడు. పనులయ్యాక టర్బైన్ తిప్పి చూసేటప్పుడు పక్కన నిలబడి వినడానికి అనుభవమున్న చెవి కావాలట. సోమవారం పొద్దున బండి పంపుతానన్నాడు. అతను వెళ్లీ వెళ్లకముందే మా ఆయన అటక మీది సేఫ్టీ బూట్లు దించి పాలిష్ పట్టారు. ఏడాదిగా ఆ మొహంలో అంత కళ చూడలేదు. నాకూ సంతోషంగానే ఉంది, దాచుకోవడం దేనికి.

పనిలోకి వెళ్లేలోగా ఫ్రిజ్ సంగతి తేలాలన్నారు. శనివారం ముత్తుకూరు బస్టాండు దగ్గర షాపు పెట్టుకున్న యాసీన్‌ను పిలిపించాను. నెమ్మదైన మనిషి. పావుగంట సేపు ఫ్రిజ్ ముందు కూర్చుని విన్నాడు.

"గుడగుడమనేది గ్యాస్ పారే చప్పుడక్కా. టక్కుమనేది చలికి ప్లాస్టిక్ ముడుచుకునేది. గర్రుమంటే కాళ్లు సమంగా లేవని. ఇవన్నీ మామూలే" అన్నాడు.

"మరి ఈల?" అన్నారు మా ఆయన.

"ఈల నాకు వినపళ్లా సార్."

"దానికి వినే పద్ధతొకటి ఉంటాది అబ్బయ్యా. ఉండు" అంటూ స్క్రూడ్రైవర్ కోసం లోపలి గదిలోకి వెళ్లారు. యాసీన్ ప్లగ్గు పీకి, ఫ్రిజ్‌ను గోడ నుంచి ముందుకు లాగాడు. ఉప్పుగాలికి వెనక బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. వాటిని బిగిద్దామని స్పానర్ వెతుక్కుంటున్నాడు.

మా ఆయన వచ్చి, ఎవరి వైపూ చూడకుండా ఫ్రిజ్ వెనక గొంతుక్కూర్చున్నారు. మొన కంప్రెసర్ మీద, పిడి చెవికి. కళ్లు మూసుకున్నారు.

"ఇదిగో. ఇప్పుడింకా తేటగా వినపడతా ఉంది. సన్నటి ఈల. లోపల బేరింగు పోయింది."

యాసీన్ చేతిలో ప్లగ్గు ఉంది. అతను నా వైపు చూశాడు. నేను ప్లగ్గు వైపు చూశాను. ఇంట్లో ఫ్యాను తప్ప ఏదీ చప్పుడు చేయడం లేదు.

"అవును సార్, ఉంది. నేను సరిజేస్తాలే" అన్నాడు యాసీన్ చివరికి. పాపం, ఆ మాట నా కోసం అన్నాడు.

నేనూ తలూపితే సరిపోయేది. సోమవారం బండి వచ్చేది, ఆ బూట్లు వేసుకుని ఆయన ఎక్కేవారు. కానీ టర్బైన్ పక్కన ఆయనొక్కరే నిలబడరు. ఆయన బాగుంది అంటే నమ్మి నిలబడే పిల్లలుగలవాళ్లు పదిమంది ఉంటారు. యాసీన్ చేతిలోంచి ప్లగ్గు తీసుకుని ఆయన మోకాళ్ల ముందు పెట్టాను.

ఆయన కళ్లు తెరిచి చూశారు. వైరు పట్టుకుని ఫ్రిజ్ దాకా తడిమారు. తర్వాత అరచేయి కంప్రెసర్ మీద పెట్టి, కాసేపు అలాగే ఉంచారు.

"ఎప్పుడు తీసినారు?"

"మీరు లోపలికి పోయినప్పుడే" అన్నాను.

యాసీన్ బోల్టులు బిగించి, ఫ్రిజ్‌ను వెనక్కి నెట్టి, ప్లగ్గు పెట్టి, చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఆయన నేల మీద అలాగే కూర్చుని ఉన్నారు. నేనూ పక్కన కూర్చున్నాను.

"నరేంద్రబాబుకు ఫోన్ చెయ్. రావడం లేదని చెప్పు" అన్నారు.

"మిమ్మల్ని నమ్ముకుని వచ్చిన మనిషి. మీరే చెప్తే మర్యాదగా ఉంటాది గదా."

"చెప్పగలను. ఆయనేమంటాడో నాకు తెలియదు. ఫోన్లో మాటలు అర్థంగాక ఏడాదైంది కరుణా." తల వంచుకున్నారు. "వంటింట్లోంచి నువ్వు చెప్పేవాటికి గూడా ఊరికే ఊఁ అంటా ఉండాను."