నాలుగు చక్రాలకు నాలుగు తాళాలు

గురువారం సాయంత్రం కోమలికి కారు కడిగే పని. ఆ ఇంట్లో ముట్టయిన ఆడది పూజ గదిలోకి పోకూడదు, పొయ్యి ముట్టకూడదు, మంచమెక్కకూడదు గానీ కారు మాత్రం నిక్షేపంగా కడగొచ్చు. ఆ కారుకీ కాణిపాకంలో పూజ జరిగింది, దాని నుదుటా కుంకుమ ఉంది. అయినా బురద కడిగే చేతికి అంటు ఉండదని ఎవరు తీర్మానించారో ఏమో, అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

వెనక ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, పాత టూత్‌బ్రష్షుతో అలాయ్ చక్రం సందుల్లో మట్టి తీస్తూంటే టైరులో మేకు కనబడింది. వేలు తడి చేసి దాని మీద రాస్తే చిన్న బుడగ పొంగింది. గాలి మెల్లమెల్లగా పోతోంది. కోమలి నాయన పెంచలయ్య ముప్పై ఏళ్లు లారీ తోలినవాడు, టైరు సంగతులు ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడే చూసుకుంటే పంచరు షాపులో ఐదు నిమిషాల పని. చూసుకోకుండా తోలితే, గాలి దిగిన టైరు నలిగి నలిగి పక్కలు చీలిపోతుంది. రేపు పొద్దున ఇదే కారులో ఆమె మొగుడు ధర్మేంద్ర, తాను పనిచేసే లాడ్జి ఓనరు శ్రీనివాసులునూ తన తల్లి పంకజాక్షినీ ఎక్కించుకుని కాణిపాకం పోతున్నాడు. ఓనరు కడుతున్న కొత్త హోటలుకు తననే మేనేజరుగా పెట్టమని దేవుడి ఎదుట అడిగితే కాదనలేడని అతని ఎత్తు.

చెప్పాలా, వద్దా? కోమలి బ్రష్షు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. మొగుడి కారుకు మేకు గుచ్చుకుంటే చెప్పడానికి ఇంత ఆలోచనా అని మీకు అనిపిస్తుంది. అనిపించనీండి. ఆరు నెలల కింద ఆమెకు జరిగింది వింటే మీరే చెప్పొద్దంటారు.

తిరుపతిలో ఆ లాడ్జి ఉన్న సందులో ఒకరోజు, మద్రాసు నుంచి దర్శనానికొచ్చిన వాళ్ల కారు చక్రాలు నాలుగూ ఎవడో విప్పుకుపోయాడు. వాళ్లు తలనీలాలిచ్చి కొండ దిగి వచ్చేసరికి కారు ఇటుకల మీద కూర్చుని ఉంది. కారుకు కూడా గుండు కొట్టేసినారప్పా అని లాడ్జిలో అందరూ నవ్వారు గానీ ధర్మేంద్రకు నిద్ర పట్టలేదు. అతని కారుకూ అట్లాంటి ఖరీదైన అలాయ్ చక్రాలే. మరునాడే కోమలిని వెంటబెట్టుకుని టైర్ల షాపుకు పోయి చక్రాలకు తాళం నట్లు వేయించాడు. ఒక్కో చక్రానికున్న నట్లలో ఒకదాన్ని తీసేసి, దాని బదులు ఈ నట్టు బిగిస్తారు. దీని తల పువ్వులాగా చెక్కి ఉంటుంది, ఏ స్పానరూ పట్టదు. బొటనవేలంత ఇనుప బిళ్ల ఒకటి ఇస్తారు, అది తొడిగితేనే తిరుగుతుంది. అదే తాళంచెవి. దొంగ తొందరలో ఉంటాడు కాబట్టి దీన్ని చూసి పక్క కారుకు పోతాడు, అంతవరకు మంచిదే అన్నాడు షాపాయన. కానీ చెవి మాత్రం ఎప్పుడూ కారులోనే, జాకీ పక్కనే ఉండాలి, ఇంట్లో పెట్టినారంటే దొంగకంటే ముందు మీరే ఏడుస్తారు అని రెండుసార్లు చెప్పాడు. ధర్మేంద్ర అప్పుడు ఫోనులో ఉన్నాడు. విన్నది కోమలి ఒక్కతే.

వింటే ఏం లాభం? చక్రాలకు కొత్తగా తాళాలు వేశారని పంకజాక్షి మళ్లీ కాణిపాకంలో పూజ చేయించింది. తాళంచెవిని పళ్లెంలో పెట్టి లోపలికి పంపించింది. తిరిగొచ్చాక దాన్ని పసుపుగుడ్డలో చుట్టి పూజ గదిలో కుంకుమ భరిణెలో దాచింది. దేవుని పాదాల కాడ పెట్టిన వస్తువును డిక్కీలో పాత గుడ్డల మధ్య పారేస్తారా అంది. కారులోనే ఉండాలంట అత్తా అని కోమలి చెప్పబోతే ధర్మేంద్ర నవ్వాడు. ఆడోళ్ల చేతికిస్తే ఏ పోపులడబ్బాలోనో పెట్టి మర్చిపోతారన్నాడు. తన తల్లి కూడా ఆడదేనని, భరిణెకూ పోపులడబ్బాకూ పెద్ద తేడా లేదని ఆ మహానుభావుడికి తోచలేదు.

ఆ నెలలోనే కోమలికి ఇంటర్వ్యూ వచ్చింది. సూళ్లూరుపేట పక్కన కంపెనీలున్న చోట ఒక ఆహార పరీక్షల ల్యాబు, అందులో ఇన్‌చార్జి పోస్టు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఆమె తొమ్మిదేళ్లుగా రక్తాలు తీస్తోంది. తొమ్మిదేళ్లలో ముగ్గురు మగపిల్లలకు పని నేర్పింది, ముగ్గురూ ఆమె మీద ఇన్‌చార్జులుగా కూర్చుని వెళ్లిపోయారు. ఇంట్లో చూస్తే కాఫీ చల్లారిందంటారు, పెళ్లయి ఏడేళ్లయినా కడుపు పండలేదంటారు, జీతం రాగానే మాత్రం ఏమీ అనరు. ఆ పోస్టు కోసం ఆమె పుస్తకాలు మళ్లీ తీసి, అన్నం ఉడికే సందులో, బట్టలు ఆరేసే సందులో చదువుకుంది. తనకంటూ ఈ లోకంలో ఒకటి కావాలని ఆమె అడిగింది ఆ ఒక్కటే.

ఇంటర్వ్యూ రోజుకు ముట్టు రెండో రోజు. కారు తానే తోలుకుపోవాలి, చక్రాల తాళంచెవి తీసివ్వమని వసారాలోంచే మొగుణ్ని అడిగింది. అతను దుప్పట్లోంచి తల తీయలేదు. అమ్మ ఇంకా నీళ్లు పోసుకోలేదు, నువ్వు ఆ గదిలోకి పోయేదానికి లేదు, పంచరేమన్నా రోజూ అయితాదా, పో అన్నాడు. పోయింది. శ్రీకాళహస్తి దాటాక రాయి కోసుకుని ముందు టైరు చీలింది. దగ్గర్లోని పంచరు షాపు నన్నే సాహెబ్ జాకీ ఎత్తి, మూడు నట్లు విప్పి, నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు.

“దీని బీగంచెవి యాడమ్మా?” అన్నాడు.

ఇంట్లో ఉందంటే ఆ పెద్దాయన అయ్యో అని నుదురు కొట్టుకున్నాడు. కొట్టి తీస్తే బోల్టు పోతుంది, వెల్డింగు పెట్టి తీయాలంటే నాయుడుపేట నుంచి మనిషి రావాలి, ఆ మనిషి మధ్యాహ్నానికి గానీ రాడు. పోనీ కారు ఇక్కడ వదిలి బస్సెక్కి పో తల్లీ, నేను చూసుకుంటాను అన్నాడు. కోమలి మొగుడికి ఫోను చేసింది. కారొదిలి పోయినావంటే సూడు, చక్రాలు పోతాయి, ఆడనే ఉండు అన్నాడు. తాళం వేసిన చక్రాలు ఎట్లా పోతాయని అడిగేలోపే ఫోను పెట్టేశాడు. అత్తకు చేసింది. భరిణెలోది తీసి ఎవరి చేతనైనా పంపించండి అత్తా అని బతిమాలింది. అటునుంచి వచ్చిన మాట ఆమె చెవిలో ఈరోజుకూ అట్లాగే ఉంది.

“దేవుని కాడ ఉండే వస్తువును ముట్టుదాని చేతికి పంపమంటావా? ఇల్లు నాశనమైపోదా?”

చివరికి ధర్మేంద్ర పంపిన లాడ్జి డ్రైవరు తాళంచెవి తెచ్చి నన్నే సాహెబ్ చేతిలో పెట్టేసరికి ఒంటిగంట దాటింది. పది గంటల ఇంటర్వ్యూ పదకొండున్నరకే అయిపోయింది. నన్నే సాహెబ్ ఇచ్చిన టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఆ సాయంత్రం ధర్మేంద్ర, నీకు రాసిపెట్టి లేదులే అన్నాడు. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. చుట్టాల పెళ్లిలో పదిమంది మధ్య, మా ఆడామెకు టైరు కాదు, ఉద్యోగమే పంచరయిందని చెప్పి నవ్వించాడు. అందరితోపాటు నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారని కోమలి కూడా నవ్వింది. ఆ నవ్వు నవ్వినందుకు తనమీద తనకు పుట్టిన రోత ఎన్ని చెంబుల నీళ్లు పోసుకున్నా పోలేదు.

అరిస్తే కోపం తీరిపోతుంది. ఆమె అరవలేదు. ఆరు నెలలు వంట చేస్తూ, వాళ్ల ఎంగిలి కంచాలు కడుగుతూ, కోపాన్ని నిప్పులాగా బూడిద కప్పి కాపాడుకుంది. తప్పు ఎవరిదని ఎన్నిసార్లు లెక్క తీసినా నట్టుది కాదు. దాని పని అది చేసింది, పరాయివాడి చేతికి తిరగలేదు. ఆ చెవి మీద హక్కు ఎవరిదో ముందే తేల్చేసి, ఆమెను దొంగల వరుసలో నిలబెట్టింది వీళ్లు. కారు తోలడానికి పనికొచ్చిన చెయ్యి, కడగడానికి పనికొచ్చిన చెయ్యి, ఇంత ఇనుపముక్క ముట్టడానికి పనికిరాలేదు. దీనికి క్షమాపణ అడుగుతారని మొదట్లో కొన్నాళ్లు ఎదురుచూసింది కూడా, వెర్రి మొహంది. తర్వాత ఎదురుచూడటం మానేసి, సమయం కోసం కాచుకుంది.

పోయిన వారం అదే ల్యాబు నుంచి ఫోను వచ్చింది. చేరినతను మానేశాడట, మళ్లీ ఇంటర్వ్యూ, శుక్రవారం పది గంటలకు. ఆమె ఎవరికీ చెప్పలేదు. బుధవారం ముట్టయింది. అదీ ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన ఏడేళ్లలో మొదటిసారి ఈ రెండు రోజులూ అందరిలాగే వంటింట్లో తిరిగింది, మంచం మీద పడుకుంది. ఇల్లు కూలలేదు. కనీసం పాలైనా విరగలేదు.

ఇప్పుడు కళ్ల ముందు ఈ మేకు. దీన్ని తాను గుచ్చలేదు. దారే గుచ్చింది. ఓనరు పక్కన కూర్చుంటే ధర్మేంద్ర నలభై స్పీడు దాటి తోలడు, గాలి కొంచెం కొంచెంగా దిగుతుంది. ప్రాణం పోయే పంచరు కాదు, పరువు పోయే పంచరు. కోమలి లేచి బకెట్టు నీళ్లు చక్రం మీద గుమ్మరించింది. మేకు తల శుభ్రంగా మెరిసింది. దాచిపెట్టలేదు, చూసేవాడికి కళ్లుంటే చూసుకోవచ్చు. రాత్రి అన్నాలప్పుడు కారు కడిగినావా అని ధర్మేంద్ర అడిగితే, అద్దంలాగా కడిగినాను అంది.

శుక్రవారం తెల్లవారకముందే లేచి ఓనరుగారి కోసం చింతపండు పులిహోర చేసింది. పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటున్న పంకజాక్షి, దీపం నువ్వే పెట్టేయమ్మా అని పురమాయించింది. కోమలి పూజ గదిలోకి పోయి దీపం వెలిగించింది. భరిణె మూత తీసింది. పసుపుగుడ్డ విప్పి తాళంచెవి తీసి సంచిలో వేసుకుని, భరిణె మూత మళ్లీ పెట్టింది. చేతికి కుంకుమ అంటుకుంటే కడుక్కోలేదు, నుదుటికి పెట్టుకుంది. ఆరున్నరకు వాళ్ల కారు సందు దాటింది, ఆరూ ముప్పావుకు ఆమె ఆసుపత్రి డ్యూటీకి అన్నట్టు ఇంటికి తాళం వేసి బస్టాండుకు పోయింది.

తొమ్మిదీ నలభైకి, సూళ్లూరుపేట ల్యాబు వరండాలో వరుస కుర్చీల్లో కూర్చుని ఉండగా ఫోను మోగింది. ధర్మేంద్ర. ఓనరు తయారై కారెక్కేసరికే ఏడున్నరైందట. కాణిపాకం దారిలో పూతలపట్టు దగ్గర టైరు చీలిపోయిందట, పంచరాయన వచ్చి తాళం నట్టు దగ్గర ఆగిపోయాడట. ఆసుపత్రి నుంచి ఇంటికి పోయి, భరిణెలోది తీసి, ఎవరినైనా బండి మీద పంపించు అని గొంతు తగ్గించి చెప్పాడు. వెనక శ్రీనివాసులు పులిహోర బాగుందమ్మా అంటున్నాడు.

“నేను ముట్టు. పూజ గదిలోకి ఎట్లా పోతాను? అత్తనడగండి,” అంది కోమలి.

ఫోను చేతులు మారింది. పంకజాక్షి గొంతులో ఎన్నడూ లేని తేనె. ఏం కాదులేమ్మా, అవసరానికి అన్నీ సరిపోతాయి, పోయి తీయి అంది.

“సరిగ్గా వినపడలేదత్తా. గట్టిగా చెప్పండి.”

“ముట్టయితే ఏమీ కాదులేమ్మా. ఏం నాశనమైపోదు, తీయి,” అని ఆ రోడ్డు మీద, ఓనరు ముందర, పంచరాయన ముందర పంకజాక్షి గట్టిగానే చెప్పింది.

“పొద్దన్నే తీసినానత్తా. దీపం పెట్టిందీ ఈ చెయ్యే, మీరు తిన్న పులిహోర కలిపిందీ ఈ చెయ్యే. మూడో రోజు నాకు. చెవి నా సంచిలో ఉండాది, నేను సూళ్లూరుపేటలో ఉండాను.”

ధర్మేంద్ర ఫోను లాక్కుని ఏదో మొదలుపెట్టబోయాడు గానీ, అంతకంటే ముందు శ్రీనివాసులు గొంతు వినిపించింది.

“చక్రానికి బీగమేసి చెవి ఇంట్లో పెట్టొచ్చినావా? నీకు హోటలు బీగాలు యాడిచ్చేదప్పా?”

ఆ మాట చెవిన పడగానే కోమలికి ఒళ్లంతా చల్లని మజ్జిగ తాగినట్టయింది. పాపం అనిపించలేదు. అనిపిస్తుందేమోనని కాసేపు చూసుకుంది కూడా. కారొదిలి పోవద్దండీ, చక్రాలు పోతాయి అని నెమ్మదిగా చెప్పి ఫోను ఆపేసింది.

అంతలో లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. బల్లకు అవతల ముగ్గురున్నారు. ముప్పావుగంట ప్రశ్నలడిగారు. అన్నం ఉడికే సందుల్లో చదివిన చదువంతా అడిగినదానికల్లా వరసగా నాలుక మీదికి వచ్చింది. చివరికి మధ్యలో కూర్చున్నామె కళ్లజోడు తీసి, ఒకటో తారీఖున చేరగలరా అంది. చేరతానంది కోమలి. ఆమె కాగితం మీద ఏదో రాసుకుంటూ, కంపెనీ క్వార్టర్సు ఇస్తుంది, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారో చెబితే దాన్నిబట్టి ఇస్తాము అంది.

“ఒక్కదాన్నేనండీ,” అంది కోమలి.