చురుక్కుమనని వేలు

పోతమ్మ ఆ బుధవారం ఆరోగ్య కేంద్రానికి వచ్చింది జబ్బు చూపించుకోవడానికి కాదు, వేలికి కట్టు కట్టించుకోవడానికి. ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర కత్తిపీట వేసుకుని, కొన్నవాళ్ళకి చేపలు కోసిపెట్టడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా అదే పని. పొద్దున వంజరం చేప కోస్తుంటే చెయ్యి జారి ఎడమ చిటికెన వేలు తెగింది. పాత గుడ్డముక్క ఒకటి చుట్టుకుని, బేరాలన్నీ అయ్యాక తీరిగ్గా బయలుదేరింది.

డాక్టర్ సుధారాణి అప్పటికి అరవై మందిని చూసింది. ఇంకో ముప్పై మంది బెంచీల మీద ఉన్నారు. ఎలమంచిలి పక్క రైతుల ఇంటి పిల్ల ఆమె. ఈ పట్టణ ఆరోగ్య కేంద్రానికి వచ్చి రెండేళ్ళయింది. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు దక్కితే గొప్ప అని మొదటి నెలలోనే అర్థమైంది.

మూలనున్న బల్ల దగ్గర నర్సు మహేశ్వరి గుడ్డ విప్పి, గాయం మీద స్పిరిట్ పోసి దూదితో గట్టిగా తుడుస్తోంది. పోతమ్మ పక్కనున్నామెతో ఈ ఏడు కవ్వళ్ళ చేపలు వలలో ఎందుకు పడటం లేదో చెబుతోంది. ఆమె మాట తడబడలేదు. మొహం చిట్లలేదు.

సుధారాణి చేతిలో పెన్ను ఆగింది. పచ్చి గాయం మీద స్పిరిట్ పడితే ఎంత మొండి మనిషైనా ఒక్కసారి పళ్ళు బిగబట్టాలి.

"పోతమ్మా, మంటగా లేదా?"

"నేదు డాక్టరమ్మా. ఈ సెయ్యి ఇంతే. తిమ్మిరని అప్పుడు సెప్పాను కాదేటి? సుగరని నువ్వే బిళ్ళలు రాసేవు."

సుధారాణి ఆమె ఓపీ పుస్తకం వెనక్కి తిప్పింది. మూడు నెలల కిందటి పేజీలో తన చేతిరాతే ఉంది. ఎడమచేతి తిమ్మిరి. షుగరు రెండొందల నలభై. షుగరు వల్ల నరాల బలహీనత. కింద విటమిన్ బిళ్ళలు. ఆ రాతలో సందేహమన్నదే లేదు. షుగరు మనిషి తిమ్మిరి అన్నది, అంతే, అక్కడితో ఆలోచన ఆగిపోయింది.

"కాళ్ళు తిమ్మిరెక్కుతాయా?" అని అడిగింది ఇప్పుడు.

"కాల్లకేటి? ఇసకలో సిన్న గవ్వ గుచ్చుకున్నా తెలుస్తాది నాకు."

ఆ జవాబు సుధారాణికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. షుగరు తిమ్మిరి సాధారణంగా ఒక్క చేతిని ఎంచుకుని రాదు. ముందు పాదాల్లో మొదలవుతుంది, రెండు పాదాల్లోనూ. అక్కణ్ణుంచి పైకి పాకాకే చేతుల దాకా వస్తుంది. ఇది రెండో ఏడు విద్యార్థికి కూడా తెలిసిన సంగతి. మూడు నెలల కిందట ఈ ఒక్క ప్రశ్న అడగలేదు తను.

పోతమ్మని తెర వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకోమని, దూది పోగుతో వేళ్ళని ఒక్కొక్కటిగా తాకింది. బొటనవేలు, చూపుడువేలు తాకినప్పుడు పోతమ్మ "ఊఁ" అంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు దగ్గర ఏమీ అనలేదు. ఆ రెండూ కొంచెం లోపలికి వంగి ఉన్నాయి. వేళ్ళ మధ్య కాగితం పెట్టి పట్టుకోమంటే జారిపోయింది.

మోచెయ్యి లోపలి పక్క, తగిలితే కరెంటు కొట్టినట్టుండే నరం ఉంటుంది. మోచేతుల మీద ఎక్కువగా ఆనుకునేవాళ్ళకి అది నొక్కుకుపోయి ఇలాగే తిమ్మిరి రావచ్చు. మెడ ఎముకల్లో తేడా వల్లా రావచ్చు. సుధారాణి ముందు కుడిచేతి నరం తడిమింది. సన్నగా, మెత్తగా ఉంది. ఎడమది వేలి కింద తాడులా దొర్లింది.

"అమ్మా, ఒంటి మీద ఎక్కడైనా మచ్చలున్నాయా?"

"శోభి మచ్చ ఒకటున్నాది. మందుల సాపులో మలాం ఇస్తే రాత్తన్నాను."

జాకెట్టు చెయ్యి పైకి మడిస్తే భుజానికి కిందుగా అరచేయంత మచ్చ కనిపించింది. చుట్టూ చర్మం కన్నా పాలిపోయి, పొడిగా ఉంది. సుధారాణి దూది పోగు దాని మీద ఆనించింది. తర్వాత పెన్ను మొన ఆనించింది. కళ్ళు మూసుకున్న పోతమ్మ, "పెట్టు డాక్టరమ్మా, ఆగిపోయేవేటి?" అంది.

సుధారాణి పెన్ను పక్కన పెట్టింది. చెప్పాలి. మెత్తగా చుట్టి చెబితే ఇంకెవరో మొరటుగా విప్పుతారు.

"అమ్మా, ఇది షుగరు తిమ్మిరి కాదు. కుష్టు అనుకుంటున్నాను. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు కూడా చూసి ఖాయం చెయ్యాలి. పూర్తిగా నయమయ్యే జబ్బు. ఆరు నెలలో, ఏడాదో మందులు వాడాలి, ఇక్కడే ఇస్తారు. నీ పళ్ళెం, నీ పక్క ఎవరూ వేరు చెయ్యక్కర్లేదు. ఇంకో మాట. మూడు నెలల కిందటే నువ్వు నాకు చెప్పావు. నేను సరిగా అడగలేదు. తప్పు నాది."

పోతమ్మ వంగిన రెండు వేళ్ళనీ కుడిచేత్తో పట్టుకుని చూసుకుంది.

"పెద్దరోగమా?" అంది. తర్వాత గొంతు మారింది. "మూడు నెల్ల కిందట సెప్పుంటే ఈ యేళ్ళు ఒంకర పోయేవి కావు కదా?"

"పోయేవి కావు," అంది సుధారాణి.

పోతమ్మ లేచింది. కట్టు సగంలో ఉండగానే చెంగు చేతి మీద కప్పుకుని, మహేశ్వరి పిలుస్తున్నా తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. శుక్రవారమూ రాలేదు. సుధారాణి తనకి పాఠం చెప్పిన చర్మ వైద్యుడు దేవీప్రసాద్‌కి ఫోన్ చేసింది.

"నరం దెబ్బతిని ఎన్నాళ్ళయింది?" అని అడిగారాయన.

"వినాయక చవితికి ముందు మొదలైందట సార్. నాలుగు నెలలు."

"ఆరు నెలలు దాటకపోతే ఆశ ఉందమ్మా. వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. కానీ షుగరు మనిషంటున్నావు, అది ఎగిరి కూర్చుంటుంది. ముందు ఆవిణ్ణి తీసుకురా."

ఇంటికి ఆశా కార్యకర్తని పంపితే వీధి వీధంతా ఎందుకని అడుగుతుంది. సుధారాణి శనివారం పొద్దున్నే సంచి పట్టుకుని తనే హార్బరుకి వెళ్ళింది. కిలో వంజరం కొని పోతమ్మ ముందు పెట్టింది. పోతమ్మ తలెత్తి చూసి, చేపని కత్తిపీట మీదకి లాక్కుంది. ఎడమచేతి కట్టు మాసిపోయి ఉంది.

"ఎవురికీ సెప్పనేదు కదా?" అంది తల దించుకునే.

"లేదు. చేపలకొచ్చాను."

"నా మొగుడికి సెప్పాను. బోటు మీంచి నిన్న దిగేడు. పారిపోతాడనుకున్నాను. అన్నం కలిపి నోట్లో పెట్టేడు, ఎర్రిమొగం." ముక్కలు సంచిలో వేసి అందించింది. "ఈ యేళ్ళు తిరిగి వత్తాయా?"

"రావచ్చు, రాకపోవచ్చు. ఆలస్యం చేస్తే మాత్రం రావు."

సోమవారం పోతమ్మ, మొగుడు గురువులు కలిసి వచ్చారు. పెద్దాసుపత్రిలో దేవీప్రసాద్ చూసి, సుధారాణి అనుకున్నదే ఖాయం చేశారు. చర్మం గీసి చేసిన పరీక్షలో క్రిములు కనబడలేదు. ఆరు నెలల మందులు చాలన్నారు. మిగిలింది స్టెరాయిడ్ సంగతి. ఆ నిర్ణయం సుధారాణి టేబుల్ దగ్గరికే వచ్చింది.

ఈసారి ఆమె రెండు నిమిషాల్లో తేల్చలేదు. మహేశ్వరిని బయట వాళ్ళకి బీపీలు చూస్తుండమని చెప్పి, తలుపు దగ్గరికి వేసింది.

"ఈ మాత్రలు వేస్తే నీ షుగరు బాగా పెరుగుతుంది. కొన్నాళ్ళు ఇన్సులిన్ సూది పొడుచుకోవాలి, రోజూ. వారం వారం ఇక్కడికి రావాలి. వెయ్యకపోతే ఆ గొడవలేవీ ఉండవు, కానీ చెయ్యి ఇంకా వంకర పోవచ్చు. షుగర్ని తర్వాత దించుకోగలం. నరం చచ్చిపోతే లేపలేం. అందుకే వెయ్యాలని నాకనిపిస్తోంది. నీకేమనిపిస్తోందో చెప్పు."

గురువులు ఏదో అనబోయాడు. పోతమ్మ చేత్తో ఆపింది.

"సూది నానే పొడుసుకుంతాను. సేపలకి పొలుసు తీసేదాన్ని, సూదికి బయపడతానేటి? కానీ ఈసారి నాను ఏదైనా సెప్తే ఇను."

"వింటాను," అంది సుధారాణి.

మొదటి నెల కష్టంగానే గడిచింది. షుగరు మూడొందల యాభైకి ఎగిరింది. మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పినా గురువులు కంగారు పడి పరిగెత్తుకొచ్చాడు. పోతమ్మ మొహం ఉబ్బింది, రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. మానేస్తానని రెండుసార్లు అంది. అలా అన్న ప్రతిసారీ సుధారాణి ఆమె చెప్పిందంతా విని, ఇన్సులిన్ మోతాదు సరిచేసి, వేళ్ళ మధ్య కాగితం పెట్టి చూసేది. మూడో నెలలో ఒకరోజు కాగితం జారలేదు. సుధారాణి లాగింది. చిరిగింది గాని రాలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

ఆరు నెలల మందులు పూర్తయ్యేసరికి ఉంగరపు వేలు చక్కబడింది. చిటికెన వేలు ఇంకా కొంచెం వంగే ఉంది. అది అంతేనేమో అని సుధారాణి దాచకుండా చెప్పింది. ఇన్సులిన్ ఆగి, మళ్ళీ మాత్రలకే వచ్చింది పోతమ్మ. ఇంట్లో వాళ్ళందరినీ పరీక్ష చేసి, ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు మందు మింగించారు.

తర్వాత ఒక మంగళవారం, పోతమ్మ తన పక్కన చేపలు కోసే జోగమ్మని రెక్క పట్టుకుని లాక్కొచ్చినట్టే తీసుకొచ్చింది.

"దీని కాలి మీద మచ్చున్నాది డాక్టరమ్మా. సూపించుకోవే అంటే బయపడి సత్తంది. నాకొచ్చింది, తగ్గిపోనాది, ఇదిగో సెయ్యి సూడు అని అందరి ముందూ సెప్పాను. అప్పుడు కదిలింది."

"అందరి ముందా?" అంది సుధారాణి ఆశ్చర్యంగా.

"ఆఁ. ఒకామె కత్తిపీట అవతలకి జరుపుకుంది. జరుపుకోనీ. నా బేరాలు నాకున్నాయి."

జోగమ్మ భయం భయంగా చీర కుచ్చిళ్ళు పైకెత్తింది. పిక్క మీద గుండ్రటి మచ్చ, అంచులు ఎర్రగా ఉన్నాయి. సుధారాణి దూది పోగు తీసి కళ్ళు మూసుకోమంది. మచ్చ మీద ఆనించగానే జోగమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

"గిలి పుడతంది!"

సుధారాణి ఇంకో మూడు చోట్ల చూసింది. నరాలు తడిమింది. దురదగా ఉంటుందా, ఎన్నాళ్ళ నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, అన్నీ అడిగి, ఒక్కొక్క జవాబూ పూర్తయ్యేదాకా ఆగింది.

"ఇది ఆ జబ్బు కాదమ్మా. తామర. తడిలో ఎక్కువసేపు కూర్చుంటావు కదా, అందుకు. మూడు వారాలు ఈ మలాం రాస్తే పోతుంది. పోకపోతే మళ్ళీ రా, ఇంకేమైనా అయి ఉండొచ్చేమో చూద్దాం."

జోగమ్మ గట్టిగా ఊపిరి వదిలి బెంచీ మీద కూలబడింది. పోతమ్మ ఆమె చేతిలోంచి చీటీ లాక్కుని, మందుల కౌంటర్ వైపు నడిచింది. సుధారాణి తర్వాతి పేరు పిలిచింది.