కొంగలంక మంచినీళ్ళు

కుళాయి తిప్పింది స్నేహలతే.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి పక్కకు జరిగారు. పేటలో పుట్టి డిగ్రీ చదువుతున్న పిల్ల, ఫొటోలో బావుంటుందని ఎవరో అన్నారు. కృపమ్మ కూతురు స్నేహలత చున్నీ సర్దుకుని ముందుకొచ్చి కుళాయి తిప్పింది. నీళ్ళొచ్చాయి. తేటగా, ఏ వాసనా లేని నీళ్ళు. చుట్టూ కొల్లేరే అయినా తాగే నీటికోసం గట్టు వెంట మైళ్ళకు మైళ్ళు నడిచిన కొంగలంక జనం చప్పట్లు కొట్టారు. కృపమ్మ కొట్టలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనే.

మంత్రిగారి కార్లు గట్టు దాటి ఏలూరు రోడ్డెక్కాయి. వాటి దుమ్ము అణగకముందే కుళాయి గరగరమని ఆగిపోయింది.

వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏమైందోనని ఓవర్‌హెడ్ టాంకు వెనక్కి వెళ్ళినవాళ్ళకి తుమ్మల చాటున లారీ టాంకరొకటి, పైపు చుట్టుకుంటున్న క్లీనరూ కనిపించారు. టౌను నుంచి తెచ్చిన నీళ్ళు పైకెక్కించి, మంత్రిగారు ఉన్నంతసేపూ కిందికి వదిలారు. కాలవ నుంచి రావలసిన పైపులైను ఊరి పొలిమేర కూడా చేరలేదు. గట్టు మట్టిలో ఒకచోట మొండిగా ఆగిపోయి ఉంది. దాని మూతికి గోనెపట్టా కట్టి ఉంది.

ఆ పని ఎవరి పేరున జరిగినా, దాన్ని తెచ్చిపెట్టినవాడు సుబ్బారావు. ఏలూరులో అందరూ ఆయన్ని ఫైళ్ళ సుబ్బారావు అంటారు. ఆయన ఎమ్మెల్యే కాదు, ఆఫీసరు కాదు, కాంట్రాక్టరు కూడా కాదు. ఏలూరులో ఒక మేడ, హైదరాబాదులో సెక్రటేరియట్‌కి దగ్గర్లో ఒక గది, అంతే. కానీ ఏ ఫైలు ఎవరి బల్లమీద నిద్రపోతోందో, దాన్ని లేపడానికి ఎవరింటికి వెళ్ళాలో ఆయనకి తెలుసు. టెండరు ఎవరికి దక్కాలో ముందు ఆయన హాల్లో తేలేది. ఆ తర్వాతే పేపర్లో ప్రకటన పడేది.

అంతకు ముందటేడే సర్కారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చేసింది. సరస్సుని కాపాడటానికే అన్నారు. పెద్ద ఆసాములు చెరువుల్ని వేరేచోటికి మార్చుకున్నారు. వాటిమీద కూలి చేసుకు బతికినవాళ్ళు ఎక్కడికి మారాలో ఎవరూ చెప్పలేదు. మగాళ్ళు చాలామంది తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కి బస్తాలు మొయ్యడానికి పోయారు. కృపమ్మ కొడుకు ఆనంద్ పాల్ వాళ్ళలో ఒకడు. ఊళ్ళో మిగిలినవాళ్ళకి చివరికి మిగిలింది కొల్లేటి నీరే. టౌను మురుగు, ఫ్యాక్టరీల మురుగు కలిసి, ఎండలు ముదిరేసరికి పచ్చగా చిక్కబడే నీరు.

ఆ మే నెలలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట జాలరిపేటలో ఒక ముసలాయన పోయాడు. తర్వాత అదే పేటలో శేషారత్నం మనవడు, పాలుతాగే బిడ్డ. ఆ తర్వాత కృపమ్మవాళ్ళుండే క్రైస్తవుల పేటలో ఒక బాలింత. పక్కింటి పిల్లలకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టిస్తూ తిరిగిన స్నేహలత ఒక పొద్దున తనే మంచమెక్కింది.

ఏలూరు ఆసుపత్రికి పోయే ఆటోలో తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. కళ్ళు గుంటలు పడ్డాయి. గట్టు మీద ఆటో ఎగిరినప్పుడల్లా కృపమ్మ కూతురి తలని రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా, దాహమేస్తందే."

"వచ్చేశాం తల్లీ. ఏలూరు వచ్చేశాం. అక్కడిస్తారు."

ఏలూరు రాలేదు. రోడ్డెక్కే మలుపు దగ్గరే ఆ పిల్ల చెయ్యి జారిపోయింది. ఆటో అబ్బాయి బండి ఆపి, దిగి, అటు తిరిగి నిలబడ్డాడు.

సమాధి చేసిన మూడోనాడు సుబ్బారావు వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, తల వంచుకుని తాటాకింట్లోకి వచ్చి, చాప మీద కూర్చున్నాడు. అంత పెద్దమనిషి ఆ ఇంట్లో అలా కూర్చోవడం పేట ఎన్నడూ చూడలేదు.

"కృపమ్మగారూ, మీ కష్టం ఎవరూ తీర్చలేరండీ. బంగారంలాంటి పిల్ల. ఈ చావుల మీద రేపు పైనించి ఎంక్వయిరీ ఆఫీసరుగారు వస్తన్నారు. అమ్మాయికి చిన్నప్పట్నించీ గుండెజబ్బుందని మీరొక్క మాట చెబితే చాలు. మీ అబ్బాయికి నీళ్ళ డిపార్టుమెంటులో అటెండరు పోస్టు నేను చూసుకుంటాను. పోయినవాళ్ళు ఎలాగూ రారు కదండీ. ఉన్నవాళ్ళన్నా బాగుండాలి కదా."

గోడకానుకుని నిలబడ్డ ఆనంద్ పాల్ ముందుకొచ్చాడు. "మా చెల్లి గుండెకేం జబ్బూ లేదండీ. జబ్బు మీ పైపులైనుకి."

"కోపం సహజం బాబూ," అన్నాడు సుబ్బారావు మెత్తగా. "ఆలోచించుకోండి."

ఆయన వెళ్ళాక కృపమ్మ ఆ మాటని వెంటనే తోసెయ్యలేకపోయింది. కొడుకు వీపు చూసింది. బస్తాలు మోసి మోసి ఇరవై నాలుగేళ్ళకే వంగిన వీపు. ఫ్యాను కింద కుర్చీ, నెలనెలా జీతం, ఎండలో బస్తా మొయ్యక్కర్లేని బతుకు. తల్లి మనసు ఆ కుర్చీ చుట్టూ తిరిగింది. అలా తిరిగినందుకు తనని తనే అసహ్యించుకుంది.

ఆ సాయంత్రం చర్చి ముందు పేటంతా కూడింది. పెద్దాయన అబ్బులు ముందుగా లేచాడు.

"సుబ్బారావుగారితో మనం పడగలమా? ఆయన చెయ్యెత్తితే కలెక్టరాఫీసు లేచి నిలబడద్ది. కృపమ్మ పిల్లాడికి ఉద్యోగం వస్తే పేటకే ఒక దారి దొరికినట్టు. నేను చెడ్డ మాటేం చెప్పట్లేదు."

"ఒకడికి కుర్చీ, ఊరికి మురుగూనా మావయ్యా?" అన్నాడు ఆనంద్ పాల్. "గూడెం మార్కెట్లో ఇలాగే ఒక్కొక్కణ్ణీ పిలిచి మాట్లాడతారు. ఒక్కడొక్కడుగా వెళ్ళినన్నాళ్ళూ మా కూలి పెరగలేదు. అందరం బస్తా దింపేసిన రోజునే పెరిగింది."

"మార్కెట్టు వేరు, సర్కారు వేరురా!"

మాటామాటా పెరుగుతుండగా గుంపు అంచున కలకలం రేగింది. జాలరిపేట ఆడవాళ్ళు వస్తున్నారు. ముందు శేషారత్నం. ఆ రెండు పేటలకీ రేవులు వేరు, దారులు వేరు. జాలరిపేట మనిషి చర్చి ముందుకొచ్చి నిలబడటం ఎవరికీ గుర్తులేదు.

"మీరెందుకొచ్చేరు?" అంది ఒకామె వెనకనుంచి. "మా బిందె తగిల్తే మీ రేవు కడుక్కునేవోళ్ళు కదా!"

శేషారత్నం తల దించుకుంది. "ఆయ్, కడిగేం. కాదన్ను. ఎంత కడిగినా నా మనవడు పోయాడు." కృపమ్మ వైపు తిరిగింది. "సుబ్బారావు మా ఇంటిక్కూడా వచ్చేడు వదినా. ఏం చెప్పమన్నాడో తెలుసా? పిల్లాడికి పుట్టుకతోనే ఏదో లోపం ఉందని చెప్పాలంట. నా కోడలికి అంగన్‌వాడీ ఉద్యోగమంట."

వదినా అన్న ఆ పిలుపు రెండు పేటల మధ్య అంతకు ముందెన్నడూ లేదు.

కృపమ్మ లేచింది. సభల్లో ఆమె ఏనాడూ నోరు తెరిచి ఎరగదు.

"నేను ఆశపడ్డానండీ," అంది. "నా కొడుకు నీడపట్టున కూర్చుంటాడని ఆశపడ్డాను. అబద్ధమాడితే అయిపోద్దిలే అనుకున్నాను. కానీ నా బిడ్డ దాహం దాహమంటా పోయింది. గుండెజబ్బు మనిషి దాహమని పోదు. రేపు నేనది చెబుతాను. నాతోపాటు ఎవరొచ్చి నిలబడతారో రండి."

మర్నాడు బళ్ళో విచారణకి రెండు పేటలూ కలిసి వెళ్ళాయి. ఒక్కొక్కరే రావాలన్నాడు ఆఫీసరు. "మేం ఒక్కొక్కరం కాదండీ" అని అందరూ ఒకేసారి లోపలికి నడిచారు. కృపమ్మ చెప్పింది. శేషారత్నం చెప్పింది. అబ్బులు కూడా ముందుకొచ్చి, గోనెపట్టా కట్టిన పైపు సంగతి చెప్పాడు. ఆఫీసరు అన్నీ విన్నాడు, తలాడించాడు, ఏలూరు వెళ్ళి సుబ్బారావు మేడలో భోంచేశాడు. మరణాలు అనారోగ్యం వల్ల జరిగినవని రిపోర్టు వచ్చింది. దాని వెనకాలే ఇంకో వార్త. కొంగలంక పథకానికి మరమ్మతులట. మొదటి పనికంటే పెద్ద పని. కాంట్రాక్టరు మళ్ళీ ఆ మొదటి పని చేసినవాడే. చావులు కూడా సుబ్బారావుకి కొత్త కాంట్రాక్టు తెచ్చిపెట్టాయి.

జూలైలో గట్టు మీద కంకర మట్టి గుట్టలుగా పడింది. శంకుస్థాపనకి షామియానా వేశారు. ఆ పొద్దున కొంగలంక ఆడా మగా గట్టుకి అడ్డంగా కూర్చున్నారు. గూడెం నుంచి హమాలీలు బస్సెక్కి వచ్చి వాళ్ళ వెనక కూర్చున్నారు. ఏలూరు నుంచి స్నేహలతతో చదివిన పిల్లలు వచ్చారు.

"మా ఊరికి నీళ్ళు రావాలి, దొంగలు కాదు!"

"వేసిన పైపు చూపించి కొత్త పైపు సంగతి మాట్లాడండి!"

మంత్రిగారి కార్లు దూరంగానే ఆగాయి. సీఐ మైకులో హెచ్చరించాడు. ఎవరూ లేవలేదు. లాఠీలు లేచాయి. ఆనంద్ పాల్ తల పగిలింది. అడ్డుపడ్డ కృపమ్మని జుట్టుపట్టి వ్యానులోకి విసిరారు. శేషారత్నం వ్యాను చక్రాల ముందు పడుకుంటే నలుగురు పోలీసులు ఈడ్చి పక్కన పడేశారు. షామియానా కిందికి ఆ రోజు ఎవరూ రాలేదు. కార్లు తిరిగి ఏలూరు వెళ్ళిపోయాయి.

ప్రభుత్వ పనికి అడ్డుపడి, పోలీసుల మీద దాడి చేశారని కేసు. తల్లీ కొడుకుల్ని రాజమండ్రి జైలుకి పంపారు.

ఆగస్టులో వానలు విడవకుండా కురిశాయి. కొల్లేరు పొంగిందని జైల్లో ఎవరో అంటే కృపమ్మకి తిండి సయించలేదు. క్రైస్తవుల సమాధుల దొడ్డి పల్లంలో ఉంది. స్నేహలత మీద పోసిన మట్టి ఇంకా గట్టిపడలేదు. రాత్రంతా రేకుల మీద వాన పడుతుంటే, నీళ్ళు కూతురి దాకా వచ్చేసినట్టే అనిపించి లేచి కూర్చునేది.

ములాఖత్ రోజున శేషారత్నం వచ్చింది. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఊచల అవతల నిలబడింది.

"నా బిడ్డ?" అంది కృపమ్మ.

"నీళ్ళు దొడ్డి గోడ దాకా వచ్చినయ్ వదినా. మన ఆడవాళ్ళందరం తట్టలెత్తేం. మీవాళ్ళూ మావాళ్ళూ. గట్టు మీద కాంట్రాక్టరు పోయించిన కంకర ఉంది కదా, అదంతా మోసి సమాధులెత్తు చేసేశాం. స్నేహమ్మ మీదికి చుక్క నీరు రాలేదు."

కూతురు పోయిన రోజున కూడా ఏడవని కృపమ్మ ఊచలు పట్టుకుని కూలబడిపోయి ఏడ్చింది. శేషారత్నం ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి ఆమె తల నిమిరింది.

"ఇంకో సంగతుంది," అంది కాసేపటికి. "సర్కారు మట్టి దొంగిలించేమని మా అందరి మీదా కేసు పెట్టేరు. రేపు ఏలూరు కోర్టుకి రమ్మన్నారు. ఈ మాట విని చుట్టుపక్కల లంకలోళ్ళు కూడా తట్టలు పట్టుకుని కోర్టుకి బయల్దేరేరు. వాళ్ళ ఊళ్ళల్లో కూడా అలాంటి కుళాయిలే ఉన్నాయంట."

"మరి మీకు బెయిలో?"

"కట్టమంటారా అని అబ్బులు మావయ్య అడిగేడు. అందరం వద్దన్నాం," అంది శేషారత్నం. "నీ పక్కన చోటుంచు వదినా."