వెనక్కి వచ్చిన మంచం

జమ్మలమడుగు ఆస్పత్రిలో పిల్లల వార్డును పొద్దున్నే గులాబ్‌బీ నిద్ర లేపుతుంది. ముందు బక్కెట్టు చప్పుడు చేస్తుంది, తర్వాత తల్లుల్ని అదిలిస్తుంది.

"లెయ్యండమ్మా, చాపలు చుట్టండి. డాక్టరమ్మ వచ్చేసరికి నేల ఆరాల."

తల్లులు కొంగులు సర్దుకుని వరండాలోకి పోతారు. ఒకామె పళ్లపొడికి, ఒకామె వేన్నీళ్లకు. గులాబ్‌బీ తడిగుడ్డ లాగుతా లాగుతా, రాత్రికి రాత్రి ఏ మంచం ఎంత జరిగిందో చూసి అందరికీ వినపడేట్టు చెప్తుంది.

"కలమల్ల పాప జానెడు జరిగింది. చాపాడు పిల్లోడు మూరెడు. వాళ్లమ్మ యాడ? నాకు మిఠాయి తెమ్మనండి."

ఆ వార్డులోని ఇనప మంచాలు దొరల కాలం నాటివి. పిల్లకు నయమవుతాంటే మంచం వాకిలి పక్కకు జరుగుతుంది. జబ్బు ముదిరితే గోడ పక్కకు పోతుంది. ఎవరన్నా చూస్తాంటే మాత్రం కదలదు. డాక్టరమ్మ ముందు థర్మామీటరు చూసి, తర్వాత నేలమీద మంచం కాళ్ల గీతలు చూసి, అప్పుడు మందు రాస్తుంది. మంచం గడప దాటి వరండాలోకి వస్తే ఇంటికి పంపిస్తుంది. లోపలుండగానే తొందరపడి బిడ్డను ఎత్తుకుపోయినోళ్లు వారం తిరక్కుండా మళ్లీ ఎత్తుకొచ్చినారు. అందుకని ఇప్పుడెవరూ ఆ పని చెయ్యరు.

నేల ఆరినాక ఆనందమ్మ వస్తుంది. వెనకటికి బడిలో పాటలు నేర్పిన మనిషి, ఇప్పుడు వార్డుల్లో ప్రార్థన చేస్తుంది. రెడ్లా, సాయిబులా, మాదిగోళ్లా అని చూడదు. ప్రతి మంచం కాళ్ల దగ్గర నిలబడి పిల్ల పేరు పెట్టి పిలుస్తుంది. పిలవగానే మంచం కిర్రుమంటుంది, వింటున్నానన్నట్టు.

మూలమంచం ఒక్కటే కిర్రుమనలేదు.

"శుభాకర్," అని ఆనందమ్మ రెండోసారి పిలిచింది. మంచం ఉలకలేదు. దాని మీద నాలుగేండ్ల పిల్లోడు కండ్లు మూసుకుని, మెడ బిగేసుకుని పడుకోనుండాడు. మెదడు జ్వరం. వచ్చిన రోజు ఫిట్సుతో వచ్చినాడు. వాని తల్లి శివమ్మ తల వంచుకుని వాని పాదాలు రుద్దుతాంది.

"మీది ఏ చర్చి, పాపా?" అని ఆనందమ్మ ఆమెను అడిగింది.

"పెద్ద చర్చి."

"ఏ ఊర్లోది?"

"మా ఊర్లోదే."

నడిమి మంచం కాడ కూర్చున్న కృష్ణమ్మకు నవ్వొచ్చింది. "ఏమ్మీ, కిరస్తానమోళ్లకు నొసట పచ్చబొట్టు ఎవరు పొడిచినారు?"

శివమ్మ చెయ్యి నొసటికి పోయింది. ఆస్పత్రికి వచ్చే ముందు కుంకుమ తుడుచుకుంది గానీ, చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టును ఏం చేస్తుంది?

శుభాకర్ అన్న కిరస్తానం పేరు ఆమె మరిది ఇచ్చినది. బండి దిగుతానే చెవిలో చెప్పినాడు. "వదినా, పిల్లోని నిజం పేరు ఆడ ఎత్తొద్దు. రెండు పార్టీలోళ్లూ ఆడికే వస్తారు."

నిజం పేరు ఓబులేసు. అది వాని తాత పేరు. పంచాయతీ ఎలక్షన్ల నాడు, ఓటు వెయ్యను వరసలో నిలబడిన మనిషిని వేటకొడవళ్లతో నరికినారు. అప్పుడు శివమ్మ కడుపుతో ఉండాది. మగపిల్లోడు పుట్టినాక ఉయ్యాల చుట్టూ తాత పార్టీ మగోళ్లంతా నిలబడి ఆ పేరే పెట్టి అరిచినారు. నరకబడినోని పేరు ఉయ్యాల్లో బిడ్డకు పెడితే, అది పగ తీర్చను పెట్టిందని ఆ పక్క ఊర్లలో ఎవరికీ విడమర్చి చెప్పే పనిలేదు. ముఖ్యంగా కొండయ్యకు. కేసులో మొదటి ముద్దాయి ఆయనే. ఆయన ఊరు పెద్దముడియం దారిలో వీళ్ల ఊరికి పక్కదే.

కృష్ణమ్మ పెద్ద నోరున్న మనిషి, అంతకంటే పెద్ద చెయ్యి. మొదటి రోజే శివమ్మ ముందర కొర్రన్నం, ఊరిమిండి పచ్చడీ పెట్టింది. "తినమ్మీ. నువ్వు పస్తుంటే జ్వరం దిగుతుందా?" ఆమె మనవరాలు పద్మకు నిమ్ము. శివమ్మ వచ్చేసరికే పద్మ మంచం వార్డు నడిమికి చేరింది. రెండు ముద్దలు తిన్నాక కృష్ణమ్మ మాటల్లో అనింది, "మా కొండయ్య బిడ్డ ఇది. ఒక్కతే బిడ్డ."

మూడో ముద్దను శివమ్మ మళ్లీ అన్నంలోనే పెట్టేసింది.

పద్మ మంచం రోజూ వాకిలి పక్కకు పోతాంటే, ఓబులేసు మంచం గోడ పక్కకు పోయింది. ఒక పొద్దున గులాబ్‌బీ ఆ మూల తుడవను పోయి ఊరికే నిలబడిపోయింది. మంచానికీ గోడకూ మధ్య గుడ్డ దూరే సందు గూడా లేదు. ఆ లెక్క గట్టిగా చెప్పకుండా బక్కెట్టు ఎత్తుకుని పోయింది.

ఆనందమ్మ వచ్చి శివమ్మ పక్కన కింద కూర్చుంది.

"పాపా, నేను తిట్టుపేరుతో పిలిచినా మంచం పలుకుతుంది. ముద్దు పేరుతో పిలిచినా పలుకుతుంది. ఈ పేరుకు పలకడంల్యా. ఈ పిల్లోన్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?"

శివమ్మ కొడుకు మొహం చూసింది. పెదాలు ఎండి పొరలు లేసినాయి. వాకిలి కాడ కృష్ణమ్మ పద్మకు జడ వేస్తాంది. పద్మ మంచం ముందు కాళ్లు అప్పటికే గడప మీదికెక్కినాయి. ఇంటికి తీసకపొమ్మని కొడుక్కు ముందు రోజే కబురంపింది ఆమె.

"ఓబులేసు," అనింది శివమ్మ. మెల్లగా అంటే మంచానికి వినపడదేమోనని గట్టిగానే అనింది. "పెద్దోబులేసు మనవడు. చలమయ్య కొడుకు."

కృష్ణమ్మ చేతిలో జడ ఆగిపోయింది.

ఆనందమ్మ లేచి నిలబడింది. "ఓబులేసూ," అని పిలిచింది. మూలమంచం కిర్రుమనింది. సన్నగా, నూనె లేని గిలక మాదిరి. వార్డులో తల్లులంతా ఆ పక్క తిరిగి కండ్లు మూసుకుని దండం పెట్టినారు. వాకిలి పక్క ఎవరూ చూడలేదు.

"యా అల్లా!" అని గులాబ్‌బీ అరిచినప్పుడే తెలిసింది. గడప మీదున్న పద్మ మంచం వార్డంతా దాటి వెనక్కొచ్చి మూలమంచాన్ని ఆనుకుని నిలబడింది. దాని చువ్వలు దీని చువ్వల్లో దూరిపోయినాయి. పద్మ సగం జడతో మంచం మీద కూర్చుని బన్ను తింటాంది.

సరిగ్గా అప్పుడే కొండయ్య వచ్చినాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, గేటు కాడ జీపు నిండా మనుషులు. ఆస్పత్రి గేటు కాడ వాచ్‌మన్ కమాల్ బాషా ఏ పార్టీ అని చూడకుండా అందరి కొడవళ్లూ ఇప్పించుకుని వేపచెట్టు కింద పెడతాడు. పోయేటప్పుడు ఎవరివి వాళ్లకిస్తాడు.

"ఏందమ్మా ఇది? గడప మీదుందని గదా కబురంపినావు?"

"ఉన్నింది. ఎనక్కొచ్చింది."

"ఎవరిదా మంచం?"

కృష్ణమ్మ శివమ్మ పక్క చూసింది. శివమ్మకు ఇంకో పేరు చెప్పే సందు ఉండాది. కానీ చెప్తే మంచం వింటుంది గదా.

"ఓబులేసుది," అనింది.

కొండయ్య మంచం మీదికి వంగి చూసినాడు. "ఓహో. నాకోసం పెట్టిన పేరు."

"అవును," అనింది శివమ్మ.

"వీడేనా?"

"వీడే," అనింది కృష్ణమ్మ. "నిన్ను నరకను పుట్టినోడు. బాగా చూసుకో. ఉచ్చ గూడా ఆపుకోలేకుండాడు."

కొండయ్య కూతురి మంచం పట్టుకుని లాగినాడు. రాలేదు. కమాల్ బాషాను పిలిపించి ఇద్దరూ లాగినారు. చెమటలు పట్టినాయి గానీ చువ్వ గూడా కదల్లేదు. పద్మ బన్ను మింగి అనింది, "నాయనా, వాడు లేసినాక పోదాం."

డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చి నేల చూసింది, పిల్లోని కండ్లు తెరిచి చూసింది. "పిల్లోని మంచం కదిలితేనే పద్మ మంచం కదిలేది. ఈ పిల్లోనికి ఒక ఇంజెక్షనుంది. ప్రొద్దుటూరులో దొరుకుతుంది, ఐసులో పెట్టి తేవాల. మధ్యాహ్నం లోపల పడాల." డాక్టరమ్మ శివమ్మ దిక్కు తిరిగింది. "మీ మగోళ్లు యాడమ్మా?"

శివమ్మ కొడుకు మీదికి దుప్పటి లాగింది. వాళ్ల మగోళ్లంతా పులివెందులలో ఉండారు. గొడవలవుతాయని ఆ కోర్టుకు మార్చిన ఇంకో కేసులో, ఇన్నాళ్లు దాక్కున్న ఆమె మొగుడు చలమయ్య ఆ పొద్దే లొంగిపోతాండాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంది.

"నాకు ఈ పొద్దు పులివెందులలో పనుంది," అన్నాడు కొండయ్య.

అప్పుడర్థమైంది ఆమెకు, జీపు నిండా మనుషులెందుకో. మంచం కోడు పట్టుకుంది.

"నీ పని నాకు తెలుసులే," అనింది కృష్ణమ్మ. "ఆ పని రేపూ ఉంటుంది, మర్నాడూ ఉంటుంది. నీ బిడ్డ ఈడ గోడకు ఆనుకోనుంది. యాడికి పోతావో పో."

కొండయ్య కూతురిని చూసినాడు. ఆ పిల్ల చెప్పులు వేసుకుని సిద్ధంగా కూర్చోనుంది. పక్కన ఆ పేరున్న పిల్లోడు నోరు తెరిచి ఊపిరి లాగుతాండాడు.

"చీటీ ఇయ్యి, డాక్టరమ్మా."

గేటు కాడికి పోయి, "దిగండ్రా," అన్నాడు మనుషుల్ని.

"యాడికన్నా? వేళవుతాంది గదా?"

"ఐసు డబ్బాకు జాగా కావాల. దిగండి."

"మీ సామాన్లప్పా?" అని కమాల్ బాషా అడిగినాడు.

"ఉండనీ."

జీపు ప్రొద్దుటూరు దారి పట్టింది. మనుషులు వేపచెట్టు కింద బీడీలు తాగుతా కూర్చున్నారు. ఎండ నడినెత్తికి రాకముందే కొండయ్య తిరిగొచ్చినాడు, ఐసు డబ్బాను ఒడిలో పెట్టుకుని. తెల్ల పంచె మోకాళ్ల దాకా తడిసిపోయింది. డబ్బా డాక్టరమ్మ చేతికిచ్చి, శివమ్మ పక్క చూడకుండా వరండాలో పోయి కూర్చున్నాడు.

ఆ మర్నాడు గోడకూ మంచానికీ మధ్య గులాబ్‌బీ గుడ్డ దూరింది. ఆ తర్వాత రెండు మంచాలూ కాడికి కట్టిన ఎద్దుల మాదిరి పక్కపక్కనే జరుగుతా పోయినాయి. ఓబులేసు కండ్లు తెరిచినాడు. నీళ్లడిగినాడు. పద్మ వానికి బన్ను తుంచి పెట్టి, తినకపోతే తిట్టింది. వాని కాళ్లలో మాత్రం బలం రాలేదు. "రోజూ సాయంత్రం రెండు చేతులూ పట్టుకుని నడిపించండి," అని డాక్టరమ్మ చెప్పింది. "మధ్యలో వదిలేస్తే పడతాడు. పడితే భయపడతాడు, భయపడితే మళ్లీ నడవడు."

రెండు మంచాలూ గడప దాటి పిల్లోళ్లు ఎవరిండ్లకు వాళ్లు చేరినాక, బెయిలు మీద చలమయ్య ఇంటికి వచ్చినాడు. సంగటి తింటా అన్నాడు, "ఆ పొద్దు దావలో కాపేసుంటారనుకున్యాం. ఒక్కడూ రాల్యా. భయపడినారనుకుంటా."

"భయపడల్యా," అనింది శివమ్మ. "సూదిమందుకు పోయినాడు." ఎవరు పోయింది, ఎవరి కోసం పోయింది చెప్పింది.

చలమయ్య చేతిలో ముద్ద చల్లారింది. చెయ్యి కడుక్కున్నాడు. పిల్లోన్ని లేపి, రెండు చేతులూ పట్టుకుని వాకిట్లో నడిపించడం మొదలుపెట్టినాడు.

వీధిలో జీపు వచ్చి ఆగింది. మరిది దిగినాడు.

"అన్నా, రా! కొండయ్య చేనికాడికి ఒంటరిగా పోయినాడంట. మళ్ల ఇట్లాంటి పొద్దు రాదు."

"పిల్లోని చేతులు పట్టుకోనుండా."

"వదినకియ్యి."

చలమయ్య శివమ్మ పక్క చూసినాడు. శివమ్మ గడపలో నిలబడి ఉండాది. ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. తియ్యలేదు.

"వదినా, పట్టుకో," అన్నాడు మరిది. హారన్ మోగింది.

శివమ్మ కదల్లేదు. ఓబులేసు మోకాళ్లు వణుకుతా, తండ్రి వేళ్లు రెండు పిడికిళ్లతో బిగించి పట్టుకోనుండాడు.

"నాయనా, ఆగినావేంది?" అన్నాడు వాడు. "నడువు."

చలమయ్య ఒక అడుగు వెనక్కి వేసినాడు. పిల్లోడు ఒక అడుగు ముందుకు వేసినాడు.