రెండుసార్లు తడితే

దువ్వెన పళ్ల మధ్య అల్యూమినియం పొడి ఇరుక్కుంది. ఆమె దాన్ని సబ్బునీళ్లలో ముంచి కడుగుతుంటే వెనకనుంచి అత్తగారు ఏదో అన్నారు. ఎడమ చెవి అటువైపు ఉంది. వినపడలేదు.

"చెవిలో సీసం పోసుకున్నావా అమ్మాయ్? టీ పెట్టమంటున్నా. పడవ చూడ్డానికి వాడి స్నేహితులొస్తున్నారు. ఒంటిచేత్తో బాగుచేశాడు పాపం."

ఆమె దువ్వెన విదిలించి స్టవ్ వెలిగించింది.

పడవ ఇంటి పక్క షెడ్డులో ట్రాలీ మీద ఉంది. ముందుభాగంలో చిన్న గది, అందులో పడుకోవడానికి రెండు బల్లలు. తనకంటే వయసులో పెద్దదని ఆమె భర్త అందరికీ చెప్పుకుంటాడు. ఒళ్లంతా అల్యూమినియం రేకులు, రేకునీ రేకునీ కలిపి బిగించే రివెట్లు. వదులైన పాత రివెట్లు తొలిచి తీసి కొత్తవి దిగ్గొట్టాలి. ఆ పని ఒక్కరివల్ల అయ్యేది కాదు. బయట ఒకరు రివెట్టు తలమీద, సుత్తిలా టకటకా బాదే రివెట్టు గన్ను ఆనించి కొడుతుంటే, లోపల ఇంకొకరు దాని తోకకు ఇనుప దిమ్మ అదిమి పట్టాలి. తోక నలిగి గుండీలా పరుచుకుంటేనే రివెట్టు బిగిసినట్టు. బిగిసిందో లేదో లోపలివాళ్లకే కనపడుతుంది.

లోపల ఉన్నది ఆమె.

"నేను ఆ బల్ల కింద సందులో పట్టనే" అన్నాడు భర్త మొదటిరోజు, పొట్ట నిమురుకుంటూ. "ఊరికే దిమ్మ పట్టుకోవడమేగా. ఒకటి గుర్తుంచుకో, లోపల్నించి అరిస్తే నాకు వినపడదు. తట్టు. సరిపోతే ఒకసారి. ఇంకా కొట్టాలంటే రెండుసార్లు."

చప్పుడు వినపడకుండా పెట్టుకునే చెవిమూతలు ఒక్క జతే తెచ్చాడు. "కొట్టేది నేను కదా" అన్నాడు. ఆమె దూది పెట్టుకుంది. ఉద్యోగం నుంచి వచ్చిన సాయంత్రాలు, సెలవురోజులు, బల్ల కింద వెల్లకిలా పడుకుని, టార్చి పళ్లతో కరుచుకుని దిమ్మ పట్టింది. బిందెలో తలపెట్టి ఉంటే బయటనుంచి ఎవరో సుత్తితో బాదుతున్నట్టు ఉండేది. పని అయ్యాక ఆయన స్నానం చేసి మంచమెక్కేవాడు. ఆమె స్నానం చేసి వంటగదిలోకి వెళ్లేది. కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో తెలిసేది కాదు. చెవిలో కీచురాళ్లు అరుస్తుండేవి. మొదట్లో తెల్లారేసరికి ఆగేవి. తరువాత ఆగడం మానేశాయి. తను పనిచేసే ఆసుపత్రి విచారణ కౌంటర్లో, అద్దం అవతల నిలబడినవాళ్లు చెప్పిన పేరునే ఆమె మళ్లీ మళ్లీ అడిగేది. "వినపడకపోతే చెప్పండి మేడమ్, రికార్డుల గదికి పంపిస్తాం. అక్కడ మీతో ఎవరూ మాట్లాడరు" అన్నాడు సూపర్వైజర్, పక్క కౌంటర్లవాళ్లు నవ్వేలా. ఇంటికొచ్చి చెబితే భర్త ఫోను లోంచి తలెత్తకుండా "దూది ఇంకాస్త కుక్కుకో" అన్నాడు.

టీ మరిగేసరికి స్నేహితులు ఇద్దరొచ్చారు. ఒకాయన్ని అందరూ పీపా అంటారు. అప్పటికే పైపు పెట్టి పడవ లోపల నీళ్లు నింపాడు భర్త.

"పడవ నీళ్లలో దిగాలిగానీ, నీళ్లు పడవలో దిగడమేంట్రా?" అన్నాడు పీపా.

"లోపలి నీళ్లు బయటికి రాకపోతే బయటి నీళ్లు లోపలికి రావు. చూడు, ఎక్కడా చుక్క లేదు!"

చుక్క ఉంది. ముందుభాగంలో, బల్ల కిందికి వచ్చేచోట, వరసగా కొన్ని రివెట్ల దగ్గర నీరు కారుతోంది. ఆయన సుద్దముక్కతో వాటి చుట్టూ సున్నాలు చుట్టాడు. టీ పళ్లెంతో వచ్చిన భార్యవైపు తల తిప్పాడు.

"ఇదిగో, దిమ్మ పట్టుకోవే అంటే నిద్రపోయింది."

వాళ్లు నవ్వారు. అత్తగారు కూడా నవ్వారు.

ఆ రివెట్లు ఆమెకు తెలుసు. ఆరోజు ఆయన భుజానికీ చెవికీ మధ్య ఫోను పెట్టుకుని కొట్టాడు. ఆమె రెండుసార్లు తట్టింది. మళ్లీ తట్టింది. ఆయన తరువాతి రివెట్టుకు వెళ్లిపోయాడు. ఆమె బయటికి పాక్కుంటూ వచ్చి చెబితే "నా చేతికి తెలుస్తుందిలే" అన్నాడు. కారనివన్నీ ఆయన కొట్టినవి. కారినవి మాత్రం ఆమె పట్టినవి.

ఆయన అడుగున బిరడా లాగి నీళ్లు వదిలాడు. సున్నా చుట్టిన రివెట్టొకటి తొలిచి కొత్తది దూర్చాడు. "ఎంతసేపు, వీళ్ల ముందే బిగించేస్తా. పద, లోపలికి దూరు."

ఆమె టీ పళ్లెం ట్రాలీ మీద పెట్టింది.

"ఈసారి మీరు దూరండి."

"నేనా? పట్టనని చెప్పాగా."

"మొన్న మీ ఫోను ఆ సందులో జారితే దూరి తెచ్చుకున్నారుగా. అప్పుడు పట్టారు."

పీపా టీ కప్పు పట్టుకుని పగలబడి నవ్వాడు. "దూరరా! ఊరికే దిమ్మ పట్టుకోవడమేగా, నువ్వే అన్నావుగా."

భర్త భార్యను చూశాడు, స్నేహితులను చూశాడు, నవ్వే ప్రయత్నం చేశాడు. ఆమె ఆయన మెడలో వేలాడుతున్న చెవిమూతలు తీసి తన చెవులకు పెట్టుకుంది. ఆయన ఒక చేతిలో దిమ్మ, ఇంకో చేతిలో దూది పెట్టింది. ఆయన గొణుక్కుంటూ లోపలికి పాకాడు. అల్యూమినియం గీరుకుంటున్న చప్పుడు ఆగాక, ఆమె రివెట్టు తలమీద గన్ను ఆనించింది. ఇన్నాళ్లూ వెనకనుంచే చూసిన రివెట్టును ముందునుంచి చూడటం ఆమెకు ఇదే మొదలు.

మీట నొక్కింది.

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఆపు! లోపల వాడి చెవులేం కాను!"

ఆమె ఒక చెవిమూత పైకి తీసింది. "దూది ఇచ్చానత్తయ్యా."

లోపల్నించి అరుపు వచ్చింది. ఆమె వంగి, రేకుకు నోరు దగ్గరగా పెట్టింది.

"అరిస్తే వినపడదండీ. తట్టండి."