కారణం లేకుండా కారదు

నలభై ఒకటో చుట్టులో చుక్కలాయన ఆగి, వంగి, బూటు లేసు కట్టుకున్నాడు. ఆ లేసు ఊడలేదు. ఎప్పుడూ ఊడదు. తోటలో మందు కొట్టేవాడు నిటారుగా నిలబడి కొట్టడు కదా. వంగుతాడు, కూలబడతాడు, గట్టు దాటబోయి తూలతాడు. అందుకని ఈయన కూడా షెడ్డు వెనక సిమెంటు నేల మీద పొద్దుటినుంచీ వంగుతూ, కూలబడుతూ, లేని గట్లు దాటుతూ తిరుగుతున్నాడు. వీపున పదహారు లీటర్ల తొట్టి. అందులో నీలిరంగు కలిపిన నీళ్లు. తొట్టి అడుగున బ్యాటరీ, దాని పక్కన గుప్పెడంత మోటారు. ఒంటిమీద తెల్లచొక్కా. తొట్టి కారిందో లేదో ఎవరూ చెప్పక్కర్లేదు, చొక్కాయే చెబుతుంది.

ఆయన ఉద్యోగానికి పెద్ద ఇంగ్లీషు పేరొకటి ఉంది గాని దాన్ని ఎవరూ వాడరు. కారిన చుక్క చూపించి, తయారుచేసినవాళ్లకి చుక్కలు చూపిస్తాడని చుక్కలాయన అన్నారు. "కారణం లేకుండా కారదు" అనేది ఆయన ఊతపదం. "కారణంలోనే కారడం ఉంది, చూసుకోండి."

ఈ మాట రోజుకి నాలుగుసార్లు వినే ప్రాప్తం డిజైనరమ్మది. ఆ పిల్లకి ఇరవయ్యారేళ్లు. ఆయన్ని బాబాయ్ అంటుంది. మొదటి నమూనాలో జల్లు హెచ్చించడానికీ తగ్గించడానికీ గుండ్రటి మీట పెట్టింది. ఆయన తడి గ్లౌజుతో తిప్పబోయాడు. వేలు జారింది. "ఇది తిప్పే మీట కాదమ్మా, తిప్పలు పెట్టే మీట" అన్నాడు. ఆమె రెండు రోజులు బల్ల దగ్గర్నుంచి లేవలేదు. మూడోరోజు భుజం పట్టీ మీద, బొటనవేలికి అందేచోట, రెండు ఒత్తుడు మీటలు వచ్చాయి. ఉబ్బుగా ఉన్నది ఎక్కువకి, గుంటగా ఉన్నది తక్కువకి. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

ఇది నాలుగో నమూనా. దీని ప్రకారం చేసిన అరవై పంపులు అప్పుడే పెట్టెల్లో కూర్చున్నాయి. రేపు తోటలకి వెళ్లాలి. సాయంత్రం అయిదుకి యజమాని వచ్చేసరికి పరీక్ష పుస్తకంలో చుక్కలాయన సంతకం ఉండాలి. మూడు నమూనాలు ఆయనే తిప్పికొట్టాడు. "ఈసారి పంపైనా వెళ్తుంది, మీరైనా వెళ్తారు. ఎవరో ఒకర్ని పంపాలిగా" అన్నాడు యజమాని పోయినవారం, నవ్వుతూ. పళ్లు కనబడ్డాయి గాని నవ్వు కనబడలేదు. ఆ మాట చుక్కలాయన ఇంట్లో భార్యకి చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

వందో చుట్టు పూర్తయింది. పట్టీలు విప్పి తొట్టిని బల్లమీద పెట్టాడు. ఆయన వెనక డిజైనరమ్మ ఒకడుగు ముందుకేసి ఆగిపోయింది. ఆ అడుగు ఆగడమే ఆయనకి వినబడింది.

చొక్కా విప్పి చూశాడు. నడుముకి కాస్త పైన, ఎడమపక్క, పెసరగింజంత నీలిచుక్క.

అక్కడ తడి తగిలినా ఆయనకి తెలియదు. ఈ ఉద్యోగానికి ముందు పదేళ్లు తోటల్లో మందు కొట్టాడు. పాతతొట్టి ఒకటి అక్కడే కారి కారి, అరచేయంత మేర తోలు ముడతలుపడి, స్పర్శ చచ్చిపోయింది.

"నీలిమందేమో బాబాయ్" అంది డిజైనరమ్మ. "పిన్ని చొక్కాలకి నీలిమందు పెడుతుందిగా. సరిగ్గా కలవకపోతే ఇలాగే చుక్కలు పడతాయి. మా అమ్మ చేతిలో ఎన్ని పడ్డాయో."

ఆయన ఫోను తీసి భార్యకి కలిపాడు.

"ఈ చొక్కాకి నీలిమందు చుక్క పడిందా?"

అవతల కుళాయి కట్టిన చప్పుడు. తర్వాత, "పడిందండీ. నేనే సరిగ్గా కలపలేదు. చెప్తే అరుస్తారని ఊరుకున్నా."

"ఎక్కడ పడింది?"

"వెనక."

"వెనకంటే?"

"వెనకంటే వెనకే. ముందు కానిది."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. ముప్పైనాలుగేళ్ల కాపురంలో ఆవిడ తప్పు ఒప్పుకోవడం ఇదే మొదలు. పాలు పొంగితే పొయ్యిది తప్పు, పప్పు మాడితే పప్పుది తప్పు.

"నీలిమందు కాదమ్మా" అన్నాడు. "మీ పిన్ని నాకోసం అబద్ధమాడింది. చుక్క ఎడమపక్క ఉందని పాపం దానికి తెలీదు."

బీరువాలోంచి ఇంకో తెల్లచొక్కా తీసి ఆమెకిచ్చాడు. "నా వీపు మొద్దు. నీది కాదు. తొడుక్కో."

ఆమె తన బట్టల మీదే చొక్కా తొడుక్కుని తొట్టి ఎత్తుకుంది. తాను గీసిన తొట్టి తనకి ఇంత బరువని అప్పుడే తెలిసినట్టు రెండడుగులు తూలింది. పది చుట్లు. ఇరవై. గోడగడియారం నాలుగు దాటింది. ముప్పై. చొక్కా తెల్లగానే ఉంది. ఆయన గోడకి ఆనుకుని చూస్తున్నాడు. ముప్పైయారో చుట్టులో ఆమె బొటనవేలితో జల్లు పూర్తిగా హెచ్చించి, కూలబడి, పక్కకి ఒరిగింది. అలాగే ఉండిపోయింది.

వీపున తగిలిన ఆ తడి చొక్కాకి రంగు అంటేంత కూడా లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

"బాబాయ్" అంది. "చల్లగా తగిలింది."

తొట్టినుంచి మోటారుకి నీళ్లు దిగే గొట్టం దగ్గర దొరికింది కారణం. మోటారు పూర్తి వేగంలో అదురుతున్నప్పుడు ఒరిగితే, అక్కడి రబ్బరు వాషరు వెంట్రుకవాసి జరుగుతోంది.

"గొట్టం అవతలివైపు దింపాలి" అంది ఆమె, నేలమీదే కూర్చుని. "కింద ఒక గాడి కూడా. ఎప్పుడైనా కారినా వీపుకి రాకుండా నేలమీదకి పోవాలి."

"అదీ. నేల తాగితే తాగనీ, వీపు తాగకూడదు."

అయిదుకి యజమాని వచ్చాడు. పుస్తకం తెరిస్తే సిరాతో ఒకటే మాట: కారింది. కింద సంతకం. బల్లమీది చొక్కా చూశాడు.

"ఇది నీలిమందులా ఉందే."

"మా ఆవిడా అదే అందండి."

"భార్య మాట వినాలి."

"ఇంట్లో వింటానండి."

యజమాని పుస్తకం మూశాడు. పెట్టెల వైపు, తర్వాత డిజైనరమ్మ వైపు చూశాడు. "మళ్లీ చేయాలంటే నెలరోజులు ఆగాలి. ఆగుతాను" అన్నాడు. "మీరు మాత్రం ఆగొద్దు, లెక్క తేల్చుకుని వెళ్లండి."

చుక్కలాయన అన్నం డబ్బా కడుక్కున్నాడు, బూట్లు విప్పి చెప్పులేసుకున్నాడు. గుమ్మం దగ్గర డిజైనరమ్మ ముంజేత్తో కళ్లు తుడుచుకుంటోంది. ఆయన వంగి ఆ మొహంలోకి చూసి, "కారణం లేకుండా కారదు" అన్నాడు. రోడ్డెక్కాక ఫోను చేశాడు. "ఈసారి అబద్ధమాడేటప్పుడు ముందు ఎడమా కుడీ అడిగి ఆడు. వచ్చేస్తున్నా."

నెల తర్వాత ఒక శనివారం సాయంత్రం డిజైనరమ్మ అయిదో నమూనాని నిండా నీలినీళ్లతో కొక్కేనికి పక్కకి ఒరిగేలా తగిలించి, జల్లు గొట్టం కొసని తిరిగి తొట్టిలోకే మళ్లించి, మోటారు పూర్తి వేగంలో పెట్టి, బ్యాటరీ ఉన్నంతసేపూ ఆడించింది. తర్వాత దాన్ని అలాగే వదిలేసి, తాళం వేసుకుని వెళ్లింది. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి తొట్టి నిండుగానే ఉంది. దాని కింద నేలమీద పరిచిన తెల్లచొక్కా మీద, ఎడమపక్క, పెసరగింజంత పాతచుక్క ఒక్కటే ఉంది.