ఉప్పు పడిన చప్పుడు

టిక్ టిక్. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టిక్.

ఫోనులో మనిషి గొంతు కన్నా ముందు నాకు వినిపించింది అదే. గిన్నె అంచు మీద గరిటె కాడ తగిలిన చప్పుడు. ఆ తరువాతే ఒక అమ్మాయి, "నమస్కారమండీ, ఒక్క నిమిషం లైన్లో ఉంటారా?" అని, నా జవాబు కోసం ఆగకుండా ఫోను బల్ల మీద పెట్టేసింది. నేను ఉన్నాను. ఇంకా తీయని టిఫిను ప్లేట్ల నడుమ, చేతిలో ఒక కాగితంతో ఉన్నాను.

ఆ కాగితం మా పెళ్ళిరోజుది. శనివారానికి ఇరవై ఏళ్ళు నిండుతాయి. "ఈసారి నీకు వంట వద్దు, బయటికి వెళదాం. ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవి రెండే హోటళ్ళట. పదకొండేసి రకాలు ఒకదాని తరవాత ఒకటి తెచ్చి పెడతారట. తిండి సంగతి నీకు తెలుసుగా, ఏది బాగుంటుందో నువ్వే చూసి చెప్పు," అన్నారు మా ఆయన, సోమవారం పొద్దున సాక్సు వేసుకుంటూ. ఇద్దరమే అనుకున్నాను. మంగళవారానికి అత్తయ్య చేరారు. బుధవారానికి ఆడపడుచూ, ఆవిడ భర్తా చేరారు. మా అమ్మాయి ఎలాగూ ఉంటుంది. విశ్రాంతి పేరుతో నా చేతికొచ్చింది ఆరు నాలుకల బాధ్యత. నాలుగు రోజులుగా రెండు మెనూలూ పరీక్షకు చదివినట్టు చదివి కాగితం మీద రాసుకున్నాను. అత్తయ్య గట్టివి నమలలేరు. ఆడపడుచుకు వెల్లుల్లి పడదు. ఆవిడ భర్తకు పుట్టగొడుగులు చూస్తేనే వికారం. అమ్మాయికి పాలు సరిపడవు. ఆయనకు కారు పెట్టుకోవడానికి చోటుండాలి. ఆరో వరుస దగ్గర కలం ఆగింది. నాకేం పడదో, నాకేం కావాలో రాద్దామంటే ఒక్కటీ గుర్తు రాలేదు.

రెండింటిలో ఒకటి ఇరవై రెండో అంతస్తులో ఉంది, నాలుగు వైపులా అద్దాలు. పొద్దున్నే దానికి ఫోను చేశాను. వెనక సన్నని సంగీతం తప్ప ఏ అలికిడీ లేదు. "సార్ పేరు చెప్పండి మేడమ్," అన్నారు, చెప్పాను. సాయంత్రం దాకా టేబుల్ ఆపి ఉంచుతామన్నారు. రెండోది, ఇప్పుడు ఫోను చేసినది, ఒక పాత అచ్చాఫీసులో ఉంది. ఫోనులో దాన్ని నడిపే ఆవిడ ఫొటో కనిపించగానే వేళ్ళతో పెద్దది చేసి చూశాను. చెవుల దగ్గర నెరిసిన జుట్టు, కళ్ళజోడు కొత్తవి. కానీ ఆ పొడుగు, ప్రతి గుమ్మం తనకోసమే కిందికి కట్టారన్నట్టు ఎప్పుడూ కొంచెం వంగి ఉండే ఆ మెడ పాతవే. నిచ్చెన.

మేమిద్దరం ఒకే రోజున ఒక పెద్ద హోటలు వంటగదిలో చేరాం. తన ఎత్తు చూసి అందరూ నిచ్చెన అన్నారు. నేను పొట్టి, పైగా చెంచా కొసతో తప్ప రుచి చూసేదాన్ని కాదు. ఆ రెండూ కలిపి నాకూ ఒక పేరు పెట్టారు. చేరిన మూడో నెలలో పొద్దుటి నుంచీ కాచిన సూపులో నేను ఉప్పు వేసి అటు వెళ్ళాను, తను ఇటు వచ్చి మళ్ళీ వేసింది. గుండిగంత సూపు తూములో పారబోయిస్తూ పెద్ద వంటాయన, "ఒక్క గుండిగకి ఇద్దరు కోడళ్ళు దాపురించారు నాకు," అన్నాడు. మర్నాడు నేనొక పద్ధతి పెట్టాను. ఉప్పు వేయగానే గిన్నె అంచు మీద రెండు దెబ్బలు. రుచి చూసి సరిపోయిందనుకున్నాక ఒకటి. చూడనక్కర్లేదు, వింటే చాలు. నెల తిరిగేసరికి ఆ గదిలో అందరి గరిటెలూ అదే మాట్లాడాయి. పని ముగిశాక వెనక మెట్ల మీద కూర్చుని, ఒకే రొట్టె విరుచుకుని తింటూ, "మనదే ఒక వంటగది ఉంటే పొయ్యికి ఎదురుగా కిటికీ పెట్టిద్దామే," అనేది నిచ్చెన. ఆ అచ్చాఫీసు ఫొటోలో పొయ్యికి ఎదురుగా కిటికీ ఉంది.

"మంచి ఉద్యోగమే, కాదనను. కానీ ఊరందరికీ వేడివేడిగా వడ్డించి వచ్చి, ఇంట్లోవాళ్ళకి చల్లారింది పెడతావా తల్లీ?" అన్నారు అత్తయ్య, పెళ్ళయిన ఏడాదికి. "నేనేమైనా మానెయ్యమన్నానా? నీ ఇష్టం," అన్నారు ఆయన, ఏడుస్తున్న పాపను నా చేతుల్లో పెడుతూ. పాప నడిచేదాకా అనుకున్నాను. బడికి వెళ్ళేదాకా అనుకున్నాను. పాప మొన్న కాలేజీలో చేరింది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఉప్పు వేసినప్పుడల్లా నేను గిన్నె అంచు మీద కొడుతూనే ఉన్నాను. "ఆ గిన్నె నీకేం అపకారం చేసిందమ్మాయ్?" అంటారు అత్తయ్య. ఆ గిన్నెలో నేను తప్ప ఉప్పు వేసే చెయ్యి ఇంకొకటి లేదు. అయినా చెప్పేదాన్ని, టిక్ టిక్, టిక్ అని, ఎవరికో.

మా వాళ్ళందరినీ వెంటబెట్టుకుని ఆ అచ్చాఫీసుకి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. నిచ్చెన టేబుల్ దగ్గరికి వస్తుంది. "మా ఆవిడ కూడా ఇంట్లో బాగానే వండుతుందండోయ్," అంటారు ఆయన. అందరూ నవ్వుతారు. నిచ్చెన నా వంక చూస్తుంది. అప్పుడు నేనూ నవ్వాలి. ఇరవై ఏళ్ళుగా ఎన్నో నవ్వాను కానీ, ఆ ఒక్క నవ్వు నా వల్ల కాదు. ముందు తలుపులోంచి అతిథిగా వెళ్ళే చోటు కాదు అది నాకు.

టిక్ టిక్.

నేను కాగితం పక్కన పెట్టి విన్నాను. నేనెప్పుడూ అడుగుపెట్టని గదిలో, నేనెప్పుడూ చూడని చెయ్యి ఒకటి ఉప్పు వేసింది. రుచి చూస్తోంది.

టిక్.

సెలవులో ఉన్నాననుకున్న ఇన్నేళ్ళూ నా చప్పుడు ఉద్యోగం చేస్తూనే ఉంది.

"సారీ అండీ, చాలాసేపు ఆపేశాను," అంది అమ్మాయి. "ఏ రోజుకి? ఎంతమందికి?"

"టేబుల్ వద్దమ్మా. మావాళ్ళకి అద్దాల హోటల్లో చెప్పేస్తాను. మీ వంటగదిలో పొయ్యి దగ్గర నాకు చోటుందేమో అడగాలి. మీ పెద్దావిడను పిలుస్తావా?"

"పనిలో ఉన్నారండీ. ఎవరని చెప్పమంటారు?"

ఫలానా వారి భార్య. ఫలానా వారి కోడలు. ఫలానా అమ్మాయి తల్లి. నోటి దాకా ముందుగా వచ్చినవి అవే. వాటిని మింగి, ఎదురుగా ఉన్న చెంచా తీసి, తుడవని ప్లేటు అంచు మీద రెండుసార్లు కొట్టాను. ఆగి, ఒక్కసారి. అవతల గరిటెల సందడి మధ్య, ఎక్కడో ఒక చెయ్యి ఆగినట్టనిపించింది.

"పిచ్చుక," అన్నాను. "పిచ్చుక అని చెప్పు."